తూము మూసుకుంటే పడవ మునుగుతుంది

నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు. నీటికి దారి చూపిస్తే చాలు, దానంతట అదే పోతుంది. దారి మూస్తే అక్కడే నిలుస్తుంది.

మన పెరట్లో చూడండి. అంట్లు తోమే చోట నేల కొంచెం వాలుగా చేస్తాం. చివర గోడలో ఒక తూము పెడతాం. నీళ్ళు ఆ తూములోంచి బయటికి పోతాయి. మెతుకులు, కొబ్బరి పీచు, తల వెంట్రుకలు తూముకు అడ్డం పడ్డాయనుకోండి. నీళ్ళు నిలుస్తాయి. అప్పుడు ఏం చేస్తాం? చెయ్యి పెట్టి చెత్త తీస్తాం. పుల్లతో కెలుకుతాం. రెండు బిందెల నీళ్ళు కొడతాం. తూము పారుతుంది.

పడవకు కూడా ఇలాంటి తూములు వుంటాయి. పెరట్లో తూము మూసుకుంటే కాళ్ళు తడుస్తాయి. పడవలో తూము మూసుకుంటే పడవే మునిగిపోవచ్చు. ఆ కథ ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పడవ సంగతి మనకెందుకు?

"మాకు పడవే లేదు గదమ్మా, ఈ పాఠం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. ముందు ఒక నిజమైన సంగతి వినండి.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఒక తెరచాప పడవ బయలుదేరింది. దాని పేరు తరిణి. పొడవు 55 అడుగులు. అందులో ఆరుగురు వున్నారు. ఆరుగురూ ఆడవాళ్ళే. భారత నౌకాదళంలో అధికారులు. వాళ్ళ నాయకురాలు వర్తికా జోషి. మిగతా అయిదుగురిలో ఇద్దరు మన తెలుగు అమ్మాయిలు. స్వాతిది విశాఖపట్నం. ఐశ్వర్యది హైదరాబాదు. వాళ్ళు ప్రపంచమంతా చుట్టి 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. మొత్తం 254 రోజులు పట్టింది.

తర్వాత అదే పడవలో ఇద్దరే ఆడవాళ్ళు ప్రపంచం చుట్టారు. వాళ్ళు దిల్నా, రూప. 2024 అక్టోబరు 2న బయలుదేరి, 2025 మే 29న తిరిగి వచ్చారు.

నడి సముద్రంలో పిలిస్తే వచ్చే మేస్త్రీ వుండడు. ఏది చెడినా పడవలో వున్నవాళ్ళే బాగు చేసుకోవాలి. వంట ఎలా చేసుకుంటారో, పడవను అలాగే కడుక్కోవాలి, చూసుకోవాలి. తెరచాప లాగడం ఎంత ముఖ్యమో, తూము శుభ్రంగా వుంచడం అంత ముఖ్యం. ఈ పనికి పెద్ద బలం అక్కర్లేదు. కన్ను, చెయ్యి, ఓపిక వుంటే చాలు. ఈ మూడూ మనకు వున్నాయి గదా!

పడవలోకి నీళ్ళు ఎలా వస్తాయి? ఎలా పోతాయి?

పడవ నీటి మీద వుంటుంది. అలలు కొడతాయి. వానలు కురుస్తాయి. కాబట్టి పడవలోకి నీళ్ళు రాక తప్పదు. వచ్చిన నీళ్ళను పంపే దారులు మూడు.

ఒకటి తెప్ప. మన సముద్రం ఒడ్డున పాతకాలం తెప్ప చూసి వుంటారు. దుంగలు పక్కపక్కన పెట్టి తాడుతో కడతారు. అల దాని మీదికి వస్తుంది. దుంగల సందుల్లోంచి కిందికి పోతుంది. దానికి తూము అక్కర్లేదు. తెప్ప అంతా తూమే!

రెండోది నావ. నావ లోపల బోలుగా వుంటుంది. నీళ్ళు వస్తే అడుగున నిలుస్తాయి. వాటంతట అవి పోవు. మనిషి కూర్చుని డబ్బాతో తోడి పొయ్యాలి.

మూడోది మనం చెప్పుకునే చిన్న తెరచాప పడవ. ఇది 20, 25 అడుగుల పొడవు వుంటుంది. ముందు భాగంలో చిన్న గది వుంటుంది. వెనక భాగంలో మనుషులు కూర్చోవడానికి ఒక గుంట వుంటుంది. దానిని కాక్‌పిట్ అంటారు. చుక్కాని పట్టుకునే మనిషి అక్కడే కూర్చుంటుంది. ఆ గుంటకు పైకప్పు వుండదు. వాన పడినా, అల పడినా నీళ్ళు అందులోకే చేరతాయి.

ఆ నీళ్ళు ఎవరూ తోడకుండానే పోవాలి. అందుకు పడవ కట్టేవాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఆ గుంట నేలను బయటి నీటి మట్టం కంటె కొంచెం ఎత్తులో పెట్టారు. నేల మూలల్లో తూములు పెట్టారు. తూము నుంచి ఒక గొట్టం పడవ బయటికి పోతుంది. లోపల నీరు ఎత్తులో వుంది. బయట నీరు పల్లంలో వుంది. కాబట్టి నీరు దానంతట అదే కిందికి పోతుంది. మర అక్కర్లేదు. కరెంటు అక్కర్లేదు. పడవలో మనిషి లేకపోయినా పని జరుగుతుంది.

కానీ ఒక షరతు. తూము తెరిచి వుండాలి.

ఆ తూము ఎంత పెద్దది?

సముద్రంలో దూరం పోయే పోటీ పడవలకు అంతర్జాతీయ నియమాలు వున్నాయి. 28 అడుగుల లోపు పడవకు కనీసం రెండు తూములు వుండాలి. ఒక్కొక్కటి 25 మిల్లీమీటర్ల వెడల్పు వుండాలి. అంటే ఒక అంగుళం. పది రూపాయల బిళ్ళ అంతకంటె కొంచెం పెద్దదే.

చూశారా, ఎంత చిన్న కన్నమో! దానిని మూయడానికి ఒక రావి ఆకు చాలు. ఒక ప్లాస్టిక్ కవరు ముక్క చాలు. దారం ముక్కలు, చేప పొలుసులు, పిట్టల ఈకలు, మట్టి, ఎండు పుల్లలు కూడా చేరతాయి. ఆకు మీద మట్టి పేరుకుంటుంది. మట్టి మీద మరో ఆకు పడుతుంది. నాలుగు రోజుల్లో అది బిరడా అయి కూర్చుంటుంది.

ఒక లెక్క వేద్దాం

ఒక పడవలో కూర్చునే గుంట 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు వుందనుకోండి. అందులో 30 సెంటీమీటర్ల ఎత్తున నీరు నిలిచింది. అంటే మన పిక్కల దాకా. అది ఎంత నీరు?

600 లీటర్లు. 20 లీటర్ల బిందెతో కొలిస్తే 30 బిందెలు. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. కాబట్టి అది 600 కిలోలు. పదిమంది మనుషులు వెనక భాగంలో ఎక్కి కూర్చున్నట్టే!

10 సెంటీమీటర్ల వాన కురిస్తే ఆ గుంటలో నేరుగా పడే నీరు 200 లీటర్లు. అంటే 10 బిందెలు. ఇంకా చుట్టుపక్కల చెక్కల మీద పడిన నీరు కూడా అందులోకే జారుతుంది. తుపాను రోజుల్లో మన కోస్తాలో ఒక్క రోజులోనే ఇంతకంటె ఎక్కువ వాన పడుతుంది. కాబట్టి తూములు మూసుకున్న పడవ నిండడానికి ఎన్నో రోజులు పట్టదు.

ఒడ్డున వున్న పడవ ఎలా మునుగుతుంది?

పడవ లంగరు మీద వుంది. గాలి లేదు. అల లేదు. మనిషి లేడు. అయినా మునుగుతుంది. ఎలాగో వరసగా చూడండి.

తూము మూసుకుంది. వాన నీరు గుంటలో నిలిచింది. ఆ బరువుకు పడవ వెనక భాగం కిందికి దిగింది. గుంట నేల బయటి నీటి మట్టానికి సమానంగా వచ్చింది. ఇప్పుడు తూము తెరిచినా నీరు పోదు. ఎందుకు? పల్లం లేదు గదా! వాన ఇంకా కురుస్తూనే వుంది. నీరు గది గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దాటి లోపలికి పోయింది. పడవ అడుగు నిండింది. తెల్లారేసరికి పడవ నీటి కింద వుంది.

పడవకు చిల్లి పడలేదు. చెక్క విరగలేదు. ఒక ఆకు అడ్డం పడింది, అంతే.

మనుషులు వున్నప్పుడు ఇంకో ప్రమాదం వుంది. నెత్తి మీద నిండు బిందె కదలదు. సగం బిందె తొణుకుతుంది. మనల్ని కూడా ఊపుతుంది. ఇది మీకు తెలుసు. గుంటలో నిలిచిన నీరు కూడా అలాగే తొణుకుతుంది. పడవ ఎడమకు వాలితే నీరంతా ఎడమకు పరుగెత్తుతుంది. పడవను ఇంకా వాలుస్తుంది. అప్పుడు పెద్ద అల కొడితే పడవ తిరగబడవచ్చు. మనుషుల ప్రాణం మీదికి వస్తుంది.

చెయ్యి పెట్టే ముందు

తూము మూసుకుంది. ఏం చెయ్యాలి? తొందరపడి ఇనప ఊచ దూర్చకండి. ముందు నాలుగు సంగతులు చూడండి.

మొదట నిలిచిన నీరు బకెట్టుతో తోడెయ్యండి. బరువు తగ్గుతుంది. పడవ పైకి లేస్తుంది. తూము కంటికి కనిపిస్తుంది.

రెండోది, పడవ వెనక భాగంలో బరువు ఎక్కువ వుందేమో చూడండి. వెనక ఎక్కువమంది కూర్చుంటే తూములోంచి బయటి నీరే పైకి వస్తుంది. తూము మూసుకుందని మనం పొరబడతాం. నలుగురు ముందుకు జరిగితే ఆ నీరు పోతుంది.

మూడోది, ఏ తూము ఎటు పోతుందో తెలుసుకోండి. కొన్ని పడవల్లో ఎడమ తూము గొట్టం కుడివైపుకు, కుడి తూము గొట్టం ఎడమవైపుకు పోతుంది. పడవ వాలినప్పుడు నీరు వెనక్కి ఎక్కకుండా అలా పెడతారు. కొన్నింటిలో రెండు గొట్టాలూ కింద కలిసిపోతాయి.

నాలుగోది అన్నిటికంటె ముఖ్యం. గుంట కిందికి దీపం వేసి గొట్టాన్ని చూడండి. గొట్టం పగిలిందా? మెత్తబడిందా? క్లిప్పులు తుప్పు పట్టాయా? ఆ గొట్టం చివర నీటి మట్టానికి పైన వుందా, కింద వుందా? కింద వుంటే చాలా జాగ్రత్త. పాత గొట్టాన్ని పుల్లతో పొడిస్తే అది ఊడిపోవచ్చు. అప్పుడు సముద్రం నేరుగా పడవలోకి వస్తుంది. తూము బాగు చెయ్యబోయి పడవను మనమే ముంచినట్టు అవుతుంది.

చెత్త తీసే పద్ధతి

చెత్తను కిందికి తొయ్యకండి. పైకి లాగండి. కిందికి తోస్తే అది గొట్టం వంపులో ఇరుక్కుని గట్టిపడుతుంది.

1. తూము మీద జల్లెడ బిళ్ళ వుంటే మరలు విప్పి తియ్యండి. మరలు ఒక గిన్నెలో వెయ్యండి. లేకపోతే నీళ్ళలో పడిపోతాయి.

2. చేతికి తొడుగు వేసుకోండి. గాజు పెంకులు, గాలాలు వుండవచ్చు. వేళ్ళతో అందినంత చెత్త తియ్యండి. అందనిది కొక్కెంలా వంచిన తీగతో మెల్లగా పైకి లాగండి.

3. తర్వాత తూము మీద కొంచెం నీరు పొయ్యండి. కర్రకు రబ్బరు గిన్నె తగిలించిన పంపు బజారులో దొరుకుతుంది. దానిని తూము మీద పెట్టి పైకీ కిందికీ ఆడించండి. రెండో తూమును తడిగుడ్డతో గట్టిగా మూసి వుంచండి. లేకపోతే మీ బలమంతా ఆ తూములోంచి పోతుంది.

4. అప్పటికీ రాకపోతే నీటి పైపు వాడండి. గొట్టం చివర నీటి మట్టానికి పైన వుంటే బయటి వైపు నుంచి పైపు పెట్టండి. నీటిని లోపలికి కొట్టండి. చెత్త వచ్చిన దారినే పైకి వస్తుంది. కుళాయి ఒక్కసారిగా తిప్పకండి. కొంచెం కొంచెంగా తిప్పండి. ఇంకో మనిషి లోపల గొట్టం దగ్గర కాపలా వుండాలి. ఒక్క చుక్క కారినా కేక వెయ్యాలి.

5. అడ్డం గట్టిగా వుంటే వంగే సన్నని ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి. మెల్లగా తిప్పుతూ దూర్చండి. ఇనప ఊచ వద్దు. అది గొట్టాన్ని చీలుస్తుంది.

తూము శుభ్రం చేసే యాసిడ్ పొయ్యవద్దు. అది గొట్టాన్ని, ఇత్తడి మరలను తినేస్తుంది. చేతులు కాలుతాయి. నీళ్ళలోకి పోయి చేపలకు చేటు చేస్తుంది.

వాల్వు దగ్గర జాగ్రత్త

గొట్టం చివర నీటి మట్టం కింద వుంటే అక్కడ ఒక వాల్వు వుంటుంది. అది కుళాయి లాంటిదే. దానిని మూస్తే బయటి నీరు లోపలికి రాదు.

గొట్టం విప్పాల్సి వస్తే ముందు వాల్వు మూయండి. వాల్వు తిరగకపోతే గొట్టం విప్పకండి. బలం పెట్టి తిప్పకండి. అది విరిగితే నీటిని ఆపడం కష్టం. పడవను ఒడ్డుకు లాగి పని చేయించండి.

ప్రతి వాల్వు పక్కన ఒక కొయ్య బిరడా తాడుతో కట్టి వుంచుతారు. అది ఒక వైపు సన్నగా, ఒక వైపు లావుగా వుంటుంది. గొట్టం ఊడితే వెంటనే ఆ బిరడాను కన్నంలో దిగగొట్టాలి. తడికి కొయ్య ఉబ్బుతుంది. కన్నం బిగుస్తుంది. ఈ బిరడా ఖరీదు తక్కువ. కాపాడేది పడవనూ, మనుషులనూ.

పడవ చాలా కాలం నీటిలో వుంటే ఆ కన్నం మూతి దగ్గర గుల్లలు పడతాయి. అవి రాయిలా గట్టిగా వుంటాయి. పైనుంచి ఎంత నీరు కొట్టినా పోవు. పడవను ఒడ్డుకు ఎక్కించినప్పుడు బయటి నుంచి గీకి తియ్యాలి.

పని అయిందని ఎలా తెలుస్తుంది?

రెండు బకెట్ల నీరు గుంటలో పొయ్యండి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. నీరు గిరగిరా తిరుగుతూ గలగలా పోతే తూము పారుతున్నట్టే. మెల్లగా, బుడగలు వేస్తూ పోతే ఇంకా చెత్త వుంది. మళ్ళీ మొదటి నుంచి చెయ్యండి. రెండు తూములనూ విడివిడిగా చూడాలి. ఒకటి పారుతోంది గదా అని రెండోదాన్ని వదలకూడదు.

చివరగా గుంట కిందికి పొడి చెయ్యి పెట్టి గొట్టం పొడవునా తడమండి. చెయ్యి పొడిగా బయటికి వస్తే పని పూర్తయింది.

మళ్ళీ మూసుకోకుండా

పడవ దిగే ముందు గుంటను ఊడ్చండి. తాడు ముక్కలు, కాగితాలు, తొక్కలు ఏరి సంచిలో వెయ్యండి. పడవను చాలా రోజులు వదిలితే పైన పట్టా కప్పండి. చెట్టు కింద కట్టకండి. పెద్ద వాన పడిన మర్నాడు తప్పకుండా పోయి చూడండి.

తూముకు సన్నని జల్లెడ పెడితే మంచిదే గదా అని కొందరు అనుకుంటారు. కాదు. సన్నని జల్లెడ మీద ఒక ఆకు అతుక్కుంటే చాలు, నీరు ఆగిపోతుంది. జల్లెడ పెడితే కన్నాలు పెద్దవిగా వుండాలి.

ఇంకో మంచి అలవాటు వుంది. అది చదువు వచ్చినవాళ్ళే చెయ్యగలరు. పడవలో ఒక నోటుపుస్తకం పెడతారు. తూము ఏ తేదీన శుభ్రం చేశారు? రెండు బకెట్ల నీరు పోవడానికి ఎంతసేపు పట్టింది? క్లిప్పులు ఎప్పుడు మార్చారు? అన్నీ అందులో రాస్తారు. పోయిన నెల 20 లెక్కపెట్టేలోగా పోయిన నీరు ఈ నెల 40 దాకా పోకపోతే, తూము మూసుకోవడం మొదలైందని అర్థం. కంటికి కనిపించక ముందే కాగితం చెబుతుంది. మనిషి మరిచిపోతుంది. రాత మరిచిపోదు.

చివరి మాట

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు. ఒక ఆకును తియ్యడానికి ఒక్క నిమిషం పడుతుంది. మునిగిన పడవను పైకి తియ్యడానికి పదిమంది, ఎన్నో రోజులు, ఎంతో డబ్బు కావాలి. ఆ ఒక్క నిమిషం ఎవరు చేస్తారు? పడవలో ఎవరి కన్ను ముందు పడితే వాళ్ళే చెయ్యాలి. నా పని కాదు అనుకుంటే అందరూ మునుగుతారు.

మీ ఇంటి మేడ మీద, పాఠశాల కప్పు మీద కూడా వాన నీటికి తూములు వుంటాయి. అవి మూసుకుంటే అక్కడా నీరు నిలుస్తుంది. అక్కడా ఆ నీరు బరువే. వానలు రాకముందే ఒకసారి ఎక్కి చూడండి.

ఆలోచించండి, చెప్పండి

1. పాతకాలం తెప్పకు తూము ఎందుకు అక్కర్లేదు?
2. చెత్తను కిందికి ఎందుకు తొయ్యకూడదు?
3. వాల్వు తిరగకపోతే ఏం చెయ్యాలి?
4. మీ పెరటి తూములో రెండు బిందెల నీరు పొయ్యండి. ఎంత లెక్కపెట్టేలోగా పోయింది? తేదీ వేసి మీ పుస్తకంలో రాయండి. వచ్చే నెల మళ్ళీ రాసి, రెండూ పోల్చి చూడండి.